మా పీచు యూనిట్‌లో ఇంపాక్ట్ ఫండ్ పెట్టుబడి పెడతామంటోంది. తీసుకోవచ్చా?

రాజోలు పీచు

అందరికీ నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర ఊరు. డ్వాక్రా సంఘాల్లోని ఆడవాళ్ళం కొంతమంది కలిసి కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసే యూనిట్ పెట్టుకుని ఆరేళ్ళయింది. ఇప్పుడు 340 మందిమి అయ్యాం. మూడేళ్ళ క్రితం ప్రొడ్యూసర్ కంపెనీగా రిజిస్టర్ చేయించాం. పీచు తాళ్ళ వ్యాపారులకు పోతుంది. పీచు తీశాక మిగిలిన పొట్టును ఇటుకల్లా నొక్కి కడియం నర్సరీలకు అమ్ముతాం. కొబ్బరికాయల దింపులు జోరుగా ఉన్నప్పుడు డొక్క చవగ్గా దొరుకుతుంది కానీ, కొని నిల్వ చేసుకోవడానికి సరిగ్గా అప్పుడే మా చేతిలో డబ్బుండదు. ఎండబెట్టుకోవడానికి సిమెంటు కళ్ళం లేదు. వానాకాలం వచ్చిందంటే సగం పని ఆగిపోతుంది.

పోయిన నెల బెంగళూరు నుంచి ఒక ఇంపాక్ట్ ఫండ్ (లాభంతోపాటు సమాజానికి మేలూ జరగాలని పెట్టుబడి పెట్టే సంస్థ) వాళ్ళు వచ్చి చూశారు. చాలా మర్యాదగా మాట్లాడారు, మాతోపాటే కూర్చుని భోంచేశారు. కోటిన్నర పెడతామన్నారు. మెషీన్లనూ బ్రాండునూ వేరే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలోకి మార్చాలట, అందులో వాళ్ళకి వాటా ఇవ్వాలట. ఏడేళ్ళకు ‘ఎగ్జిట్’ అవుతారట, అంటే తమ వాటా అమ్ముకుని వెళ్ళిపోతారట. మావాళ్ళలో సగం మంది ఒప్పేసుకుందామంటున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఏడేళ్ళయ్యాక ఆ వాటా ఎవరి చేతికి పోతుంది? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

ఆడిటర్ కాకినాడ

ముందు ఆ వేరే కంపెనీ ఎందుకో చెప్తానమ్మా. అలఘ్ కమిటీ సిఫార్సుల మీద 2002లో కంపెనీల చట్టాన్ని సవరించి ప్రొడ్యూసర్ కంపెనీ అనేది తెచ్చారు. అందులో ఉత్పత్తిదారులో, వాళ్ళ సంస్థలో తప్ప బయటివాళ్ళు వాటాదారులు కాలేరు. మీలాంటి కంపెనీలో ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు. డబ్బున్నవాడు వచ్చి సంఘాన్ని మింగేయకుండా వేసిన కట్ట అది. దానివల్లే ఫండ్ వాళ్ళకి లోపలికి దారి లేదు, అందుకే పక్కన ఇంకో కంపెనీ అంటున్నారు. ఇందులో మోసం ఏమీ లేదు. చాలా చోట్ల ఇలాగే చేస్తారు.

కానీ మెషీన్లూ బ్రాండూ అటు వెళ్ళిపోతే మీ ప్రొడ్యూసర్ కంపెనీకి మిగిలేది డొక్కలు సప్లై చేసే పని ఒక్కటే. టర్మ్ షీట్ (పెట్టుబడి షరతుల కాగితం) ఇచ్చి ఉంటారు కదా, అందులో మూడు చోట్ల ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి. బోర్డులో ఎవరి మనుషులు ఎంతమంది? ఏయే నిర్ణయాలకు ఫండ్ అనుమతి కావాలి? ‘డ్రాగ్ అలాంగ్’ అనే మాట ఉందా? అది ఉంటే, ఫండ్ తన వాటా అమ్మేటప్పుడు అదే కొనుగోలుదారుకి మీ వాటా కూడా అమ్మాల్సిందేనని పట్టుబట్టొచ్చు. మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకి జవాబు ఆ పేరాలోనే ఉంటుంది.

పాత ఫీల్డ్ ఆఫీసర్

నేను 2007 నుంచి 2010 దాకా పేదవాళ్ళకి చిన్న చిన్న అప్పులిచ్చే ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీలో పనిచేశాను. పేరు రాయను. పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళు నావి. పొద్దున ఆరింటికల్లా వాయిదాలు వసూలు చేసే మొదటి సెంటర్ మీటింగు, తొమ్మిదిన్నర లోపు మూడు మీటింగులు అయిపోవాలి. మొదట్లో ఆ పని నాకు చాలా నచ్చింది. నూటికి ఐదు, పది రూపాయల వడ్డీ కట్టే ఆడవాళ్ళకి అంతకన్నా తక్కువకి, ఇంటి గుమ్మం దగ్గరికే అప్పు అందేది. అది నిజంగా మంచే.

తర్వాత కంపెనీలోకి ఇన్వెస్టర్ల డబ్బు వచ్చింది. దాంతోపాటే టార్గెట్లూ వచ్చాయి. నెలకి ఇన్ని కొత్త గ్రూపులు చేయాలి, ఇంత అప్పు పంచాలి. ఒకే ఇంట్లో నాలుగు కంపెనీల పాస్‌బుక్కులు కనబడేవి. మూడోవాడి దగ్గర తెచ్చి మొదటివాడికి కట్టేవాళ్ళు. ఆ సంగతి మాకు తెలుసు, మా మేనేజరుకీ తెలుసు. 2006లోనే కృష్ణా జిల్లాలో అధికారులు మైక్రోఫైనాన్స్ కంపెనీల బ్రాంచీలు యాభై దాకా మూయించారు. ఆ హెచ్చరికను ఎవరూ చెవిన పెట్టలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీ స్టాక్ మార్కెట్లో లిస్టయింది, పబ్లిక్ ఇష్యూలో షేరు 985 రూపాయలు. అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, వసూళ్ళు కుప్పకూలాయి. రిజర్వ్ బ్యాంకు దీని మీద వేసిన మాలెగాం కమిటీ, 2011 చివర్లో ఆ బ్యాంకు కొత్త నిబంధనలు, అవన్నీ ఆ తర్వాతి సంగతి.

వాయిదా కట్టలేకపోయిన ఒకావిడ ఇంటి అరుగు మీద సాయంత్రం దాకా కూర్చున్నాను, ఆవిడ పరువు పోతే కడుతుందని. అలా కూర్చోబెట్టింది మా కంపెనీ, కూర్చున్నది నేను. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్ళను. పేదవాళ్ళ పేరు మీద వచ్చిన డబ్బుకి తొందర ఎక్కువైతే ఏమవుతుందో నేను దగ్గర నుంచి చూశాను. అందుకే రాజోలు గారిని ఒకటే అడుగుతున్నాను. ఏటా ఎంత పెరగాలని ఆ కాగితంలో రాశారు?

రాజోలు పీచు

@పాత ఫీల్డ్ ఆఫీసర్ గారూ, ఇంత మనసు విప్పి రాసినందుకు థాంక్స్ అండీ. ఐదేళ్ళలో టర్నోవర్ పదింతలు కావాలని ఉంది. మా చుట్టుపక్కల మండలాల్లో అంత డొక్క దొరుకుతుందో లేదో ఎవరూ లెక్క వేయలేదు.

తణుకు అబ్బాయి (ఫండ్‌లో పని)

నేను తణుకువాడినే. ఎనిమిదేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక ఇంపాక్ట్ ఫండ్‌లో పనిచేస్తున్నాను, మీరు చెప్తున్నది మా ఫండ్ కాదు. మా వైపు సంగతి కూడా చెప్పాలి కాబట్టి రాస్తున్నాను.

ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అనే మాట 2007లో పుట్టింది, ఇటలీలోని బెల్లాజియోలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పెట్టిన సమావేశంలో. పని అంతకుముందే మొదలైంది. ఇలాంటి పెట్టుబడులు పెట్టే సంస్థలు, మన దేశంలో ఆవిష్కార్, అమెరికాలో ఆక్యుమెన్, రెండూ 2001లో వచ్చినవే. విరాళమైతే ఒకసారి ఖర్చు పెట్టాక అయిపోతుంది, బ్యాంకైతే తాకట్టు లేనిదే కదలదు. ఆ రెంటికీ మధ్యలో, నష్టం వస్తే భరించడానికి సిద్ధపడే డబ్బు కావాలన్నది అసలు ఆలోచన. ఆ ఆలోచన మీద నాకిప్పటికీ నమ్మకం ఉంది. 2024లో జీఐఐఎన్ (ఇంపాక్ట్ పెట్టుబడిదారుల అంతర్జాతీయ సంస్థ) వేసిన అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద ఈ పేరుతో ఉన్న డబ్బు 1.57 లక్షల కోట్ల డాలర్లు.

మరి అంత డబ్బుంటే రాజోలు దాకా ఎందుకు రాదంటే, ఒక కంపెనీని తనిఖీ చేయడానికి లాయర్లు, ఆడిటర్లు, ప్రయాణాలు కలిపి అయ్యే ఖర్చు కోటి పెట్టినా ఇరవై కోట్లు పెట్టినా దాదాపు ఒకటే. అందుకని ఫండ్‌లు పెద్దవాటి వైపే చూస్తాయి. రెండో కారణం, ఫండ్‌కి ఆయుష్షు మామూలుగా పదేళ్ళు. మాకు డబ్బిచ్చినవాళ్ళకి పదో ఏడు తిరిగేసరికి వెనక్కి ఇచ్చేయాలి. మొదటి మూడు నాలుగేళ్ళు ఎక్కడ పెట్టాలా అని వెతకడానికే సరిపోతుంది. మిగిలేది ఆరేడేళ్ళు. మీకు చెప్పిన ‘ఏడేళ్ళు’ అక్కడి నుంచి వచ్చిందే. కొబ్బరి మొక్క కాపుకి రావడానికే అన్నేళ్ళు పడుతుందని ఫండ్ రూల్స్ రాసినవాళ్ళకి తెలియదు.

అయినా ఈ డబ్బు వల్ల మేలే జరగలేదంటే నేను ఒప్పుకోను. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ చూడండి. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచి రైతు ఫోన్‌కి చెప్పే పరికరాలు చేశారు. ఆ మరుసటి ఏడాదే ఆమ్నివోర్ ఫండ్ పెట్టుబడి పెట్టింది. అప్పట్లో అలాంటిదానికి అప్పిచ్చే బ్యాంకు ఎక్కడుంది? 2022లో న్యూట్రెకో అనే డచ్ కంపెనీ దాన్ని కొనుక్కుంది.

వనామీ ఉండి

నిజమండీ. తెల్లవారుజామున మూడింటికి ఆక్సిజన్ పడిపోతే రొయ్య పైకి తేలిపోతుంది, పంట మొత్తం ఒక్క గంటలో పోతుంది. కరెంటు పోయిందో, ఏరియేటర్ ఆగిందో ఫోన్‌కి తెలిస్తే ఆ టెన్షన్ ఎంత తగ్గుతుందో చెరువు గట్టు మీద పడుకున్నవాడికే తెలుస్తుంది. 2009లో వనామీ రకం రొయ్య వచ్చాక మా బతుకంతా కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) మీద, కరెంటు మీద నడుస్తోంది. అలాంటి పరికరానికి ఎవరో ఒకరు ముందు డబ్బు పెట్టాలి, రైతు పెట్టలేడు.

కాళ్ళ మంచినీళ్ళు

@వనామీ ఉండి అన్నా, ఆ పరికరం మంచిదే, కాదనను. కానీ మీ చెరువుల పక్కన ఉన్న మా ఊళ్ళో బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. ఆ కంపెనీ ఎంత మేలు చేసిందని లెక్క రాసే కాగితంలో మా బోరు సంగతి ఉంటుందా? పరికరం చేసినవాళ్ళ తప్పని అనడం లేదు. లెక్కలోకి ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు అని అడుగుతున్నాను.

నా సంగతి చెప్తాను. నేను తొమ్మిదేళ్ళు ఆర్వో ప్లాంట్ నడిపాను. చుట్టూ కాలువలు, చెరువులు, ఏ మూల చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం టిన్ను కొనుక్కోవాలి. ఎండాకాలం కాలువలు కట్టేశాక ఊరి మంచినీళ్ళ చెరువు అడుగంటుతుంది, ఇక ప్లాంటే దిక్కు. ఆంధ్రలో పల్లెల్లో నీళ్ళ కేంద్రాలు పెట్టడానికి వాటర్‌హెల్త్ లాంటి కంపెనీలు ఆక్యుమెన్ నుంచి, ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ నుంచి డబ్బు తెచ్చాయి. వాళ్ళని చూసే నాకూ ధైర్యం వచ్చింది. పంచాయతీ స్థలం ఇచ్చింది, మెషీన్లకి డబ్బు ఒక సంస్థ పెట్టింది.

వాళ్ళు ప్రతి నెలా అడిగింది ఒకటే, ఎన్ని లీటర్లు అమ్మారు? లీటర్లు బాగానే పెరిగాయి. ఎక్కడ పెరిగాయంటే పెళ్ళిళ్ళకి, ఫంక్షన్ హాళ్ళకి, రొయ్యల షెడ్లకి. చెరువు గట్ల మీద పాకల్లో ఉండే పనివాళ్ళు, ఎవరి కోసమైతే ప్లాంట్ పెట్టామో వాళ్ళు, కూలి ఉన్న రోజు టిన్ను కొనేవాళ్ళు, లేని రోజు బోరు నీళ్ళే తాగేవాళ్ళు. ఆ సంగతి రాయడానికి రిపోర్టులో గడి లేదు. వాళ్ళకి సగం రేటుకి ఇస్తానంటే లెక్క తేలదన్నారు. తర్వాత నీళ్ళు వడగట్టే మెంబ్రేన్లు మార్చాల్సి వచ్చినప్పుడు డబ్బు లేదు. కొత్త ప్లాంట్‌కైతే పెడతామన్నారు, పాతదాని రిపేరుకి పెట్టలేమన్నారు. ప్లాంట్ మూతపడి రెండేళ్ళయింది.

నేను వాళ్ళని ద్వేషించను. వాళ్ళ డబ్బు లేకపోతే ఆ తొమ్మిదేళ్ళు కూడా లేవు. కానీ రాజోలు గారూ, రిపేర్ల డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే రాయించుకోండి.

వనామీ ఉండి

బోరు మాట నిజం తమ్ముడూ. మా పక్క ఊళ్ళోనూ అంతే. దానికి నా దగ్గర జవాబు లేదు.

నర్సాపురం లేసు

లెక్కల మాట వచ్చింది కాబట్టి నాదీ ఒక ముక్క. మా దగ్గర లేసు పని 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చింది. 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మమ్మ, అమ్మ, నేను, మూడు తరాలు ఇదే కుట్టాం. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లి ఇస్తే ముక్కకింత అని ఇస్తాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఒక పక్క అల్లుతూనే ఉంటాం, కాబట్టి ఎన్ని గంటలు పట్టిందని ఎవరూ అడగరు.

ఆడవాళ్ళకి ఉపాధి కల్పిస్తామంటూ ఎవరు వచ్చినా మమ్మల్ని లెక్కపెట్టడం చాలా సులువు. వంద మందికి దారం పంచితే వంద ఉద్యోగాలని రాసేసుకోవచ్చు. మేం వాళ్ళు రాకముందు కూడా అల్లుతూనే ఉన్నామన్నది అందులో రాదు. గంటకి ఎంత గిట్టింది, ఏజెంటు చేతుల్లోంచి బయటపడ్డామా, డిజైన్ మీద హక్కు ఎవరిది, ఇవి అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. రాజోలు అక్కా, మీ దగ్గరికి వచ్చినవాళ్ళు ‘340 మంది మహిళలు’ అని ఫొటో తీసుకున్నారా?

రాజోలు పీచు

తీసుకున్నారు చెల్లీ. డ్రోన్‌తో కూడా.

కౌలు మామిడికుదురు

ఒక ప్రశ్న. మీ 340 మందిలో తోటలున్నవాళ్ళు ఎంతమంది, లేనివాళ్ళు ఎంతమంది? అడగడానికి కారణం ఉంది. మా ఊళ్ళో ఒక రైతు కంపెనీ పెట్టారు. భూమి పాస్‌బుక్కు ఉన్నవాళ్ళకే సభ్యత్వం ఇచ్చారు. ఆ పాస్‌బుక్కులున్నవాళ్ళలో చాలామంది హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. పొలంలో దిగేది మేం. 2011లో కోనసీమలో రైతులు పంట వేయమంటూ క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది, అప్పుడూ కౌలు రైతు పేరు ఆఖర్నే వచ్చింది. 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చాక కూడా కౌలు కార్డుకి భూమి యజమాని ఒప్పుకోవాలి, చాలామంది ఒప్పుకోరు. రైతుకి మేలు చేయాలని వచ్చిన డబ్బు మా దాకా రాకుండా గట్టు మీదే ఆగిపోతోంది.

రాజోలు పీచు

సగానికి పైగా తోటలు లేనివాళ్ళేనండీ. డొక్క ఒలిచేవాళ్ళు, తాడు పేనేవాళ్ళు. వాళ్ళని వదిలి పెట్టకూడదనే మొదటి నుంచీ పట్టుబట్టాం. మీరు అడిగాక ఇంకో భయం పట్టుకుంది. కొత్త కంపెనీ వస్తే వీళ్ళు ఓటు ఉన్న సభ్యులుగా ఉంటారా, కూలీలుగా మారతారా?

అమలాపురం రిటైర్డ్ మేనేజర్

ఆలస్యంగా చూశాను. ముప్పై మూడేళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, అందులో సగం కోనసీమలోనే.

అమ్మాయ్, నీకు కావాల్సిన డబ్బు ఒక రకం కాదు, మూడు రకాలు. నువ్వు రాసిన మొదటి పేరాలోనే అది ఉంది. డొక్క కొని నిల్వ పెట్టడానికి కావాల్సింది రెండు మూడు నెలల అప్పు. సరుకు అమ్మగానే తీరిపోతుంది. దానికి వాటా అమ్ముకోవడమంటే తిరణాల ఖర్చుకి పొలం రాసిచ్చినట్టే. కళ్ళానికి, మెషీన్లకి కావాల్సింది ఐదారేళ్ళ టర్మ్ లోను. ఇక కొత్త సరుకు, కొత్త మార్కెట్ ప్రయత్నించి చూడటానికి, అది పోయినా పరవాలేదు అనుకునే డబ్బు కావాలి. ఫండ్ డబ్బు పనికొచ్చేది ఆ మూడోదానికి మాత్రమే.

మొదటి రెండింటికి దారులున్నాయి. నాబార్డ్ వాళ్ళ నాబ్‌కిసాన్ ఉంది, చెన్నైలో సమున్నతి ఉంది, ఇద్దరూ రైతు కంపెనీలకి అప్పులిస్తారు. 2020 ఫిబ్రవరిలో కేంద్రం మొదలుపెట్టిన పదివేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) పథకంలో మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుండాలి. మీకు ఉన్నారు. అందులో చేరి ఉంటే సభ్యుల వాటాధనానికి సమానంగా మనిషికి 2,000 రూపాయల దాకా, కంపెనీకి మొత్తం 15 లక్షల దాకా ఈక్విటీ గ్రాంటు వస్తుంది. 2 కోట్ల దాకా అప్పుకి గ్యారంటీ కూడా ఉంటుంది, తాకట్టు అడగరు. మీ రిజిస్ట్రేషన్ ఆ పథకం కింద జరిగిందో లేదో ముందు కనుక్కో.

ఎవరి దగ్గర తీసుకున్నా వాయిదాలు నెలనెలా పెట్టుకోవద్దు. దింపు రెండు నెలలకోసారి వస్తే వాయిదా కూడా దాని వెంటే రావాలి. వర్షాకాలం నాలుగు నెలలు వడ్డీ మాత్రమే కట్టేలా అడుగు. నేను సర్వీసులో ఉండగా ఇలా అడిగినవాళ్ళు చాలా తక్కువ. అడిగినవాళ్ళకి ఇచ్చాను.

ఒక పాత సంగతి చెప్తాను, విసుక్కోకండి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది, సర్కారు డబ్బుతో. దానికి ఏడేళ్ళలో ఎగ్జిట్ అని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళకే కర్నూలు–కడప కాలువను ప్రైవేటు కంపెనీ తవ్వింది. ఇంగ్లండులో షేర్లు అమ్మి, 5 శాతం రాబడికి ప్రభుత్వ గ్యారంటీ ఇప్పించుకుని తవ్వారు. గిట్టుబాటు కాక చివరికి 1882లో ప్రభుత్వమే కొనాల్సి వచ్చింది. రెండూ కాలువలే, రెండూ నీళ్ళ కోసమే. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాలువ నడకని మార్చేసింది.

తణుకు అబ్బాయి (ఫండ్‌లో పని)

మేనేజర్ గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మూడో రకం డబ్బుకి కూడా వాటా ఒక్కటే దారి కాదు. అమ్మకాల్లో ఇంత శాతం అని, ఇచ్చిన దానికి ఒకటిన్నర రెట్లు చేరేదాకా తీసుకుని వెళ్ళిపోయే ఒప్పందాలున్నాయి. సరుకు పోని నెలలో మీరు కట్టేదీ తక్కువే. అది అడిగి చూడండి.

ఇంకొకటి, ఎవరో ఒకరు సోషల్ స్టాక్ ఎక్స్చేంజ్ (సమాజసేవ చేసే సంస్థలు డబ్బు సేకరించుకునే మార్కెట్) గురించి చెప్తారు కాబట్టి ముందే రాస్తున్నాను. 2019 బడ్జెట్‌లో ప్రకటించారు, 2022లో స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ నిబంధనలు వచ్చాయి, 2023 డిసెంబర్‌లో ఉన్నతి ఫౌండేషన్‌ది మొదటి లిస్టింగ్. కానీ అక్కడ వాళ్ళు అమ్మింది జీరో కూపన్ జీరో ప్రిన్సిపల్ బాండ్లు. కొన్నవాళ్ళకి వడ్డీ లేదు, అసలూ తిరిగి రాదు, విరాళమే. ఆ బాండ్లు లాభాపేక్ష లేని సంస్థలకి మాత్రమే. మీకు సరిపడదు.

కాళ్ళ మంచినీళ్ళు

నాకైతే సరిపడేదేమో తణుకు అన్నా. ఒకసారి పర్సనల్‌గా మాట్లాడొచ్చా?

తణుకు అబ్బాయి (ఫండ్‌లో పని)

తప్పకుండా. రిపేర్ల డబ్బు మాట మా ఆఫీసులో కూడా చెప్పాను. మీరు రాసింది అలాగే చదివి వినిపించాను.

రాజోలు పీచు *(మూడు వారాల తర్వాత)*

అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది కదా. ఆదివారం జనరల్ బాడీ పెట్టాం, 200 మందికి పైగా వచ్చారు. ఈ చర్చ మొత్తం ప్రింటు తీయించి మా అమ్మాయి చేత చదివించాను. ఫీల్డ్ ఆఫీసర్ గారి మాటలు చదివేటప్పుడు ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు, 2010లో వాళ్ళ ఇళ్ళలోనూ అదే జరిగిందట.

ఫండ్ వాళ్ళని మూడు అడిగాం. మెషీన్లు మా పేరునే ఉండాలి. వాళ్ళు వాటా అమ్మేటప్పుడు కొనే మొదటి హక్కు మాకే ఉండాలి. పదింతలు అన్న మాట తీసేయాలి. రెండోదానికి ఒప్పుకున్నారు, మిగతా రెండింటికీ వాళ్ళ కమిటీ ఒప్పుకోలేదు. అప్పుగా ఇవ్వడం కూడా వాళ్ళ రూల్స్‌లో లేదట. వచ్చినమ్మాయి నిజంగా బాధపడింది. పొట్టు ఇటుకల బ్రాండుకి ఎప్పుడైనా వేరే కంపెనీ పెడితే ముందు తనకే చెప్పమంది. చెప్తాను.

మా రిజిస్ట్రేషన్ ఆ పథకం కింద జరగలేదండీ మేనేజర్ గారూ, ఇప్పుడు చేరే వీలుందేమో ఆడిటర్ గారు కనుక్కుంటున్నారు. ఈలోపు కళ్ళానికి టర్మ్ లోను అప్లికేషన్ పెట్టాం. మీరు చెప్పినట్టే వానాకాలం నాలుగు నెలలు వడ్డీ మాత్రమే అని అడిగితే బ్రాంచి మేనేజరు ముందు ఆశ్చర్యపోయారు, తర్వాత రాసుకున్నారు.

రేపు కళ్ళం కొలతలు తీస్తున్నారు. కడియంలో ఐదు కిలోల పొట్టు ఇటుక ఇప్పుడు ఎంతకి పోతోందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ప్రాజెక్టు రిపోర్టులో రాయాలి.

ఆడిటర్ కాకినాడ

గురువారం కడియం మీదుగానే వెళ్తున్నానమ్మా. నాలుగు నర్సరీల్లో అడిగి రాస్తాను.